అర నూలు తేడా

ఏటుకూరు రోడ్డులో మిర్చి గోడౌను కూలగొడుతుంటే
దూలాలు రెండు కొన్నాను.
నల్లమద్ది. తొంభై ఏళ్లవో, వందేళ్లవో
అమ్మినవాడికీ తెలీదు.
ఆటోవాడు బరువు చూసి బాడుగ పెంచాడు.
నలుగురు హమాలీలు దించి, టీకి డబ్బులడిగి,
"ఇంతకీ దేనికమ్మా ఇయ్యి?" అన్నారు.
"బల్లకి."
"తినే బల్లకా?"
"కాదు. బల్లలు చేసుకునే బల్లకి."
ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

కోత మిల్లువాడు దూలం మీద అరచెయ్యి వేసి
"మేకులున్నయ్. నా బ్లేడు పోద్ది" అన్నాడు.
మూడు ఆదివారాలు
బ్రాడీపేటలో, స్కూటర్లు పెట్టుకునే రేకుల షెడ్డులో
ఒక్కొక్క మేకూ పీకాను.
నలభై ఒకటి. హార్లిక్స్ సీసాలో ఉన్నాయి,
కావాలంటే లెక్కపెట్టుకోండి.

మొదటిసారి చిత్రిక పట్టినప్పుడు
వీధి వీధంతా తుమ్మింది.
ఎన్నేళ్ల కారమో, పగుళ్లలో గడ్డకట్టుకుని.
పై వాటా పిల్లాడు కళ్లు నులుముకుంటూ దిగొచ్చి
"ఆంటీ, పచ్చడి పడుతున్నారా?"

నాగూల్ మేస్త్రిని పిలిచింది సలహాకే.
గొంతుక్కూర్చుని, నేను గీసిన బొమ్మని
కాసేపు తలకిందులుగా చూశాడు.
"యాభై రెండేళ్లు పన్జేసినా. నాకు బల్లెందుకు?
ఇదిగో నా బల్ల" అని కాలు చాపాడు.
కుడి బొటనవేలు.
మిగతా వేళ్లతో పొత్తు లేనట్టు ఎడంగా, పారలా వెడల్పుగా,
గోరు లేదు. ఉలి గాట్లు మూడు.
ఆ వేలితో తొక్కిపట్టి
ఈ ఊళ్లో ఎన్ని ద్వారబంధాలు చెక్కాడో.
"నేలుంది, కాళ్లున్నయ్. ఇంకేంది?"
"నాకు నేల లేదు మేస్త్రీ" అన్నాను.
మోకాట్లో స్టీలు పెట్టాక డాక్టరు చెప్పాడు:
కింద కూర్చోకూడదు. ఎప్పటికీ.
టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై తొమ్మిదేళ్లు కూర్చున్నాను,
ఊరందరి మాటలూ కలుపుతూ.
ఇప్పుడు నిలబడి చేసే పని కావాలి.

ఆయనింక వాదించలేదు.
నా చెయ్యి వేలాడదియ్యమని
నేల నుంచి మణికట్టు దాకా చీపురుపుల్లలు వరసగా కొలిచి,
ఆఖరి పుల్ల విరిచి చేతికిచ్చాడు.
"ఇదీ ఎత్తు."
టేపు పెట్టి చూశాను. ముప్పై అంగుళాల చిల్లర.

కాళ్లకి కూసాలు దిగ్గొట్టే రోజు
సీలల బెజ్జాలు గీత తప్పకుండా ఎదురెదురుగా తొలిచి
గర్వంగా చూపించాను.
"తప్పు."
వేలిగోరు పెట్టి చూపించాడు.
"కూసం బెజ్జం అర నూలు భుజం వైపు జరగాల.
సమంగా ఉన్నయనుకో, సీల ఊరికే దూరిపోద్ది. పట్టేదేంది?
కాస్త పడకుండా ఉండాల.
అప్పుడు సీల ఒంగి, రెండిట్నీ దగ్గిరికి లాగుద్ది."
పూడ్చి, మళ్లీ తొలిచాను.

సీలలు తుమ్మవి.
దెబ్బ దెబ్బకీ శబ్దం మారుతూ వచ్చింది:
బోలుగా, తర్వాత బిగువుగా,
చివరికి రాతిని కొట్టినట్టు.
మా నాన్నకి కోపమొస్తే
"కూసాలు కదుల్తయ్" అని అరిచేవాడు.
ఆ మాటకి అర్థం
అరవై ఒకటో ఏట, చేత్తో తెలిసింది.
నడుము ఆనించి తోశాను.
బల్ల కదల్లేదు. నేనే వెనక్కి వచ్చాను.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం
మేస్త్రి చెప్పకుండా వచ్చాడు, చంకలో పట్టె.
"కూర్చుంటే లేపడానికి మనిషి కావాల్సొస్తంది"
అన్నాడు, వాన వంక చూస్తూ.

వైసులో పట్టె బిగించి చిత్రిక అందించాను.
నిలబడ్డాడు.
ఒంట్లో బరువు ఎటు వెయ్యాలో
మొదటి తోపుకి తెలీలేదు.
నాలుగో తోపుకి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచి
ఆయన చొక్కా మీద పడింది.

నేను కిందికి చూశాను.
విప్పిన చెప్పు పక్కన
కుడి బొటనవేలు
ఉత్త సిమెంటు నేలని
గట్టిగా తొక్కిపట్టి ఉంది.